కారు తాగిన వాన నీళ్ళు

మొన్న షెడ్డులో నా కారు బానెట్ ఎత్తగానే, వేడెక్కిన రబ్బరు గొట్టం వాసన ఆవిరితో కలిసి ముఖానికి కొట్టింది. మెకానిక్ రేడియేటర్లో పచ్చటి కూలెంటు పోస్తూ ఏదో చెబుతున్నాడు గానీ, నాకు మా పెదనాన్న మీద కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు.

తొంభైల చివర్లో, ప్రత్తిపాడు పక్కన మా ఊళ్ళో, నాన్నకి ఒక పాత అంబాసిడర్ ఉండేది. పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ దాన్ని బాడుగకి తిప్పితేనే మాకు అన్నం. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఊరంతా తుమ్ముతూ దగ్గుతూ ఉండే ఎండల్లో, చల్లన్నమూ పండుమిరప పచ్చడీ తిని బయల్దేరే నాన్న, ఇంజను కాస్త వేడెక్కిందని తోచగానే వేపచెట్టు నీడన ఆపి, బీడీ కాల్చుకుంటూ అది చల్లారేదాకా కూర్చుని, అప్పుడు తడిగోనె మడిచి రేడియేటర్ మూత మీద వేసి మెల్లగా తిప్పేవాడు. మా బోరు నీళ్ళు ఒట్టి ఉప్పు, కాస్తే గిన్నె అడుగున తెల్లగా గార కట్టేది. అందుకని అమ్మ వానకి పెంకుటింటి చూరు నుంచి కారే నీళ్ళు పాత చీరలో వడగట్టి కాగుల్లో దాచేది. మేం బోరు నీళ్ళు తాగేవాళ్ళం, కారు వాన నీళ్ళు తాగేది.

పెదనాన్న గుంటూరులో మిరపకాయల వ్యాపారి. ఒక వేసవిలో, కూతురి సంబంధం మాట్లాడటానికి పిడుగురాళ్ళ వెళ్ళాలని కారడిగాడు. నాన్న జ్వరంతో ఉండి, తాళంతో పాటు వాన నీళ్ళ డబ్బా ఇచ్చి, "మరిగితే చల్లారనిచ్చి ఇవే పొయ్యన్నయ్యా" అన్నాడు. వియ్యాలవారింటికి దుమ్ము కాళ్ళతో వెళ్ళకూడదని పెదనాన్న ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. తిరుగుదారిలో కారు మరిగితే, కుతకుతలాడే ఇంజను మీద బకెట్టుడు చన్నీళ్ళు గుమ్మరించాడు. ఇంజను పైన బిగించే హెడ్డు పగిలింది. ట్రాక్టరుకి మోకు కట్టి లాక్కొచ్చి, ఊరంతా వినేలా, "ఒరేయ్, పాత ఇనప కొట్లో వెయ్యాల్సిన దాన్ని కారంటావేంట్రా" అన్నాడు. బాగుచేయించే స్తోమత లేక కారు తుక్కుకి పోయింది, నాన్న వెళ్ళి, పెదనాన్న ఆ తర్వాత కొన్న జీపుకే డ్రైవరయ్యాడు.

దసరాకి భోజనానికొచ్చిన పెదనాన్నకి అమ్మ బూరెలూ పులిహోరా కొసరి కొసరి వడ్డించి, చెంబు నిండా బోరు నీళ్ళు పెట్టింది.

"ఏంటమ్మాయ్, ఇంత ఉప్పగా ఉన్నాయి?"

"మంచినీళ్ళు మీ కాళ్ళకే అయిపోయాయి బావగారూ."

ఆయన తలొంచుకుని అవే తాగాడు. అమ్మకి అంతటితో తీరింది. నాకు తీరలేదు. ఆ జీపు నడిరోడ్డు మీద మరిగిపోవాలని, పెదనాన్న ఎండలో నెత్తిన తువ్వాలు వేసుకుని నడిచి రావాలని పెదకాకాని శివుడికి మొక్కుకునేదాన్ని, కొబ్బరికాయ కొడతానని కూడా.

ఇప్పుడు పెంకుటిళ్ళు పోయి డాబాలొచ్చాయి, ఇంటింటికీ క్యాన్ల నీళ్ళొస్తున్నాయి, వాన నీళ్ళు వడగట్టే ఓపిక ఎవరికీ లేదు. నాన్నా లేడు. ఈమధ్య ఒక పెళ్ళిలో పెదనాన్న కొడుకు కలిసి, పాత రోజులు తలుచుకుంటూ, "బాబాయి పుణ్యమా అని మా జీపు ఒక్కసారి కూడా మరగలేదక్కా" అన్నాడు. నాన్న చేసినవాటిలో నేను క్షమించలేనిది అదొక్కటే.