పెట్టెల మేస్త్రీ మునిమనవరాలు

జనన మరణాల రికార్డు గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా నకళ్లు రాస్తున్న ఆవిణ్ణి అందరూ చుక్కలావిడ అంటారు. పాత రిజిస్టరులో అక్షరం చెరిగిపోయిన చోట ఊహించి రాయకూడదు, చుక్కలు పెట్టాలి. అదీ రూలు. ఆ రూలు పట్టుకుని ఎంతమందిని ఏడిపించిందో! "అది మా నాన్న పేరేనమ్మా, నాకు తెలీదా?" అని కౌంటరు ముందు నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే, చుక్కలే.

అంతటి మనిషీ ఒక్కసారి గడ్డి కరిచింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చీకిపోతున్న పాత రిజిస్టర్లని కొత్తవాటిలోకి ఎక్కిస్తుంటే, సొంత అమ్మమ్మ పుట్టిన పేజీ చేతికొచ్చింది. జ్వరాలు ఇళ్లకిళ్లే ఊడ్చేసిన ఏడాది, మూడేళ్ల ఆ పిల్లని పొరుగూరివాళ్లు తెచ్చి పెంచారు. తల్లి పేరు తెలుసు, తండ్రెవరో తెలీదు. మెట్టినింట్లో ఆవిడ కూచుంటే తప్పు, నిలుచుంటే తప్పు. దేనికైనా ఒకటే మాట, "అబ్బ పేరు తెలియని పిల్ల".

తండ్రి గడిలో పురుగు తిన్న కన్నం తప్ప ఏమీ లేదు. రెండేళ్ల వెనక పేజీలో, అదే వీధిలో, ట్రంకు పెట్టెలు చేసే మేస్త్రీకి కొడుకు పుట్టినట్టు ఉంది. తల్లి పేరూ అదే. ఆ రోజుల్లో ఆ పేరు వీధికి పదిమందికి ఉండేదనుకోండి. "ఈయనే అయ్యుంటాడు, ఇంకెవరవుతారు!" అనుకుని కొత్త రిజిస్టరులో ఆ గడిలో మేస్త్రీ పేరు ఎక్కించేసింది. ఇంటికెళ్లి చెబితే అమ్మమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఆ పేరు నాలుగుసార్లు చెప్పించుకుంది. ఏడాది తిరక్కుండానే పోయింది.

అక్కడితో ఆగితే బాగుండును. ఆగుతుందా? పెద్దమామయ్య ఉన్నాడుగా! అమ్మమ్మ పెద్దకొడుకు, ఎనభై నాలుగేళ్లవాడు, ఇరవై ఏళ్లుగా వంశవృక్షం గీస్తున్నాడు. ఆయన బాధ ఆయనది. పుట్టి బుద్ధెరిగాక మేనమామ ఇంటి గడప తొక్కలేదు, బావతో పరాచికమాడలేదు. అందుకే ఆ పేరు పట్టుకుని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, పెట్టెల మేస్త్రీ మనవణ్ణి పట్టాడు. అంటే సాక్షాత్తూ మేనమామ కొడుకు. బావ!

ఆ బావగారి పిల్లలు మాత్రం, "డెబ్భై ఎనిమిదేళ్లకి కొత్త చుట్టాలేంటి నాన్నా? ముత్తాతకి కూతురుందని ఎవరూ అనలేదే, రుజువేదీ?" అని నవ్వారట. దాంతో మామయ్య రోషపడి నకలుకి దరఖాస్తు పెట్టాడు. నకలు కింద "అసలుతో పోల్చి చూశాను" అని సంతకం పెట్టాల్సిందెవరు? మన చుక్కలావిడే.

అసలు రిజిస్టరు అడుగు అరలో, కన్నంతో సహా భద్రంగా ఉంది. ఆ సంగతి ఆవిడకి తప్ప నరమానవుడికి తెలీదు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది, మామయ్య కుప్పకూలతాడు. చెప్పకపోతే తన అబద్ధం మీద తనే ముద్ర వెయ్యాలి. మూడు రోజులు ఆ కాగితాన్ని సొరుగులోంచి తీసింది, పెట్టింది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ ఎదురు గోడకేసి తెరుచుకుంటుంది. ఇన్నేళ్లూ పట్టనే లేదు కానీ ఈ మూడు రోజులూ ఆవిడకి ఊపిరాడలేదు.

నాలుగో రోజు ముసలాళ్లిద్దరూ దిగారు.

"చూడమ్మా, మీ మామయ్య నా జుట్టు విగ్గు అంటున్నాడు!" అని బావగారి ఫిర్యాదు.

"ఈ వయసులో అంత నల్లగా మొలిచిందంటే నమ్మమంటావా బావా?" అని మామయ్య. ఇద్దరూ ఒకటే నవ్వు.

ఆవిడ మామయ్యని ఒక్కణ్ణే లోపలికి పిలిచి, బీరువాల మధ్య అసలు పేజీ తెరిచి పెట్టింది.

"ఇక్కడ ఏ పేరూ లేదు మామయ్యా. నేనే రాశాను. అమ్మమ్మ కోసం."

మామయ్య కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆ కన్నం మీద వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఆయన కాదని కూడా లేదుగా?"

"అవునని కూడా లేదు."

"ఎవరికి చెప్పావ్?"

"నీకే."

"అయితే ఇంకెవరికీ చెప్పకు." రిజిస్టరు తనే మూసేశాడు. "ఇన్నేళ్లకి దొరికాడే నాకు. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. సంతకం పెట్టవే తల్లీ."

నిజంగానే ఒంగబోయాడు. ఆవిడ హడలిపోయి చేతులు పట్టుకుని ఆపింది. చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిప్పిన మనిషి! తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. ఆ దెబ్బతో అందరికీ చెప్పేసి ఈ పీడ వదిలించుకునేది.

సంతకం పెట్టింది. ముద్ర వేసింది.

బావగారు నకలు రెండుసార్లు చదువుకుని, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంతకీ నేను నీకు ఏమవుతానమ్మా?" అన్నాడు.

మామయ్య బీరువా పక్కనుంచి చూస్తున్నాడు. కళ్లతోనే బతిమాలుతున్నాడు.

అమ్మకి మేనమామ కొడుకు, బావ వరస. అంటే తనకి నాన్న వరస. వరసలు కలపడంలో ఆవిడ ఎప్పుడూ తప్పదు.

"బాబాయ్ అవుతారండీ."

"అండీ ఏంటి, పరాయివాణ్ణి అన్నట్టు? మళ్లీ అను."

మళ్లీ అంది.