నోరు మెదపని పూట

బస్టాండులో మైకు ముందు కూర్చునే అనౌన్సరుకి కాలు ఒకచోట నిలవదు, నోరు అంతకన్నా నిలవదు. కొండల్లో కాలినడకన తిరగాలని ఇంట్లో గోడకి వాటి పటం అతికించి, ఒక విడిది గుడిసె నుంచి ఇంకో గుడిసెకి గుండుసూది మారుస్తూ, "ఇక్కడ రాత్రికి పడక, తెల్లారి మళ్లీ నడక" అని బస్సులు పిలిచే గొంతుతోనే చదువుతాడు. గదిలో కూడా కొత్త బూట్లు విప్పడు. మెత్తబడాలట. ఆ కొండల్లో తనకి కావలసింది నిశ్శబ్దమేనని రోజంతా చెబుతూనే ఉంటాడు. భార్య తోడు రాకపోతే మాత్రం వెళ్లడు, వెళ్లలేడు. "మధ్యాహ్నం దాకా ఒక్క పూట నోరు మూసుకుని చూపించండి, అప్పుడు వస్తా," అందామె నిన్న.

ఈ ఉదయం డ్యూటీ లేదు. లేచింది మొదలు అతను పెదవి విప్పలేదు. సూది పీకుతాడు, గుచ్చుతాడు, వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతాడు. ఆమె ఆఫీసుకి బయల్దేరాక చూస్తే ఆమె కళ్లజోడు బల్ల మీదే ఉంది. అందుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆమె ఎక్కిన బస్సు కదులుతోంది. ఒక్క కేక వేస్తే బస్సుతో పాటు వీధంతా ఆగేది. ఆ కేకని గొంతులోనే మింగి, లేసులు ఊడిన బూట్లతో బస్సు వెంట పడ్డాడు. మలుపు దగ్గర అందుకుని, కిటికీలోంచి కళ్లజోడు ఇచ్చాడు. "పిలవచ్చుగా, మహానుభావా?" అందామె. అతను రొప్పుతూ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "సాయంత్రం బూట్ల కొట్టుకి వెళదాం. నాకు మాత్రం ఇలా కాళ్లు కరిచేవి వద్దు." అతను తల ఊపాడు. చెప్పాల్సింది నోటినిండా ఉంది, మధ్యాహ్నమేమో ఇంకా కాలేదు. బస్సు వెళ్లిపోయాక కూడా అతని కాళ్లు నిలబడిన చోటే నడుస్తున్నాయి.