పోలరాజు గారి రెండు రంగుల పళ్ళు

పోలరాజు గారు మనుషుల మొహాలు చూసేవారు కాదు, పళ్ళు చూసేవారు. పేరు మరిచిపోతారు, ఊరు మరిచిపోతారు, ఎదుటి మనిషి తనకి వేలువిడిచిన బావమరిది అన్న సంగతి కూడా మరిచిపోతారు గానీ, ఒకసారి చూసిన పలువరుసని మాత్రం మరిచిపోయేవారు కాదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా అన్నిట్లోనూ నాకన్నా తెలివైనవారు.

నేను పళ్ళ డాక్టర్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద క్లినిక్ పెట్టిన రెండో ఏడు, అంటే తొంభై ఎనిమిది డిసెంబర్లో, ఆయన మొదటిసారి మెట్లెక్కి వచ్చారు. యాభై అయిదేళ్ళ మనిషి, గుబురు మీసం, తెల్లటి ఖద్దరు చొక్కా. కొల్లేరు లంకల్లో పుట్టి, చిన్నప్పుడు వలలు లాగి, తర్వాత బెజవాడ వచ్చి వన్ టౌన్‌లో చేపల వ్యాపారంలో స్థిరపడ్డారు. ఐసు పెట్టెల్లో సర్దిన చేపల్ని లారీల్లో ఊళ్ళకి పంపుతారు. కుర్చీలో కూర్చోగానే నోరు తెరిచి, "వీటిని తెల్లగా చేయాలండి" అన్నారు.

ముప్పై ఏళ్ళ చుట్ట, రోజుకి పది టీలు కలిసి ఆ పళ్ళని పాత పత్రికల రంగులోకి తెచ్చాయి.

"ఇప్పటిదాకా ఏమైనా వాడారా?" అనడిగాను.

"ఊక బూడిద ఒక నెల. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి ఒక నెల. నిమ్మచెక్క మీద వంటసోడా జల్లి పదిహేను రోజులు. టీవీలో చూపించిన పేస్టులు నాలుగు. అరటితొక్క లోపలివైపు ఒక వారం. అరటితొక్క బాగానే ఉందండి, తియ్యగా ఉంది. పళ్ళు మాత్రం మారలేదు."

"నిమ్మకాయ వెంటనే ఆపేయండి. పంటి పైపొరని తినేస్తుంది. ఒకసారి పోతే మళ్ళీ రాదు."

ఇంకొకరైతే గాభరా పడేవారు. పోలరాజు గారు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, "నిమ్మకాయ వద్దు" అని రాసుకున్నారు. "మరి బొగ్గు?"

"అరగదీస్తుంది."

"బొగ్గు వద్దు," అని దాన్నీ రాసుకుని, పెద్ద పని ఒకటి తెమిలినట్టు తృప్తిగా తలాడించారు.

ముందు క్లీనింగ్ చేశాను. చేయించుకుంటే పళ్ళు కదిలిపోతాయని ఆయనకెవరో చెప్పారట. కదలవని, గార ఊడివస్తుందని చెప్పాను. గార పోయింది, పసుపు మిగిలింది. అప్పుడు నేనొక పొరపాటు చేశాను. మా దగ్గర పళ్ళ రంగు కొలిచే పట్టీ ఒకటి ఉంటుంది. తెల్లటి పన్ను నుంచి ముదురు పన్ను దాకా నమూనాలు వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక నంబర్ వేస్తారు. దాన్ని ఆయన నోటి దగ్గర పెట్టి, "మీది ఏ-ఫోర్, బాగా ముదురు" అన్నాను.

ఆ రోజు నుంచి పోలరాజు గారికి బెజవాడలో మనుషులు లేరు, నంబర్లే ఉన్నారు. మా క్లినిక్‌లో నర్సు సుధామణి ఏ-వన్ అయింది. గుమాస్తా ఏ-త్రీ అయ్యాడు. "మొన్న మీ దగ్గరికి వచ్చాడే, ఆ గుడివాడ బీ-టూ, మనిషి మంచివాడు," అనేవారు. గోడకి సున్నం వేయించేటప్పుడు కూడా మేస్త్రీని ఏ-టూ రంగు కలపమన్నారట. ఒకరోజు నావైపు నిదానంగా చూసి, "కృష్ణారావు గారూ, మీరు ఏ-త్రీ కదండి," అన్నారు. "పళ్ళ డాక్టరై ఉండీ." సుధామణి మందుల బీరువా వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదలడం నాకు కనిపించింది.

పళ్ళు తెల్లబరచడానికి రెండు దారులున్నాయని ఆయనకి చెప్పాను. ఒకటి క్లినిక్‌లో, చిగుళ్ళకి మందు తగలకుండా పూత వేసి, పళ్ళ మీద జెల్ రాసి, పైన లైటు పెట్టి గంటన్నరలో ముగించేది. రెండోది ఇంట్లో. పళ్ళకి అచ్చు తీసి పల్చటి ప్లాస్టిక్ తొడుగు చేసిస్తాను. అందులో చుక్క చుక్క జెల్ వేసుకుని రోజూ రెండు గంటలు పెట్టుకోవాలి. మూడు నాలుగు వారాలు పడుతుంది.

"రెండిట్లో ఏది నొప్పండి?"

"మనిషిని బట్టి ఉంటుంది. ఇక్కడ చేసేది తొందరగా తెలుపొస్తుంది గానీ, ఒకటి రెండు రోజులు జివ్వుమనొచ్చు."

"మనిషిని బట్టి అంటే కుదరదు. ఎడమపక్క మీరు చేయండి. కుడిపక్క నేను ఇంట్లో చేసుకుంటా."

"అలా ఎవరూ చేయరండీ."

"చేయరా, చేయకూడదా?"

"చేయకూడదని ఎక్కడా లేదు."

"అయితే కానివ్వండి," అని కుర్చీలో వెనక్కి వాలారు.

ఎడమపక్క ఒక మంగళవారం పూర్తి చేశాను. గంటన్నరసేపు మాట్లాడ్డానికి వీల్లేదు కాబట్టి వేళ్ళతో నొప్పి లెక్క చెప్పారు. ఒక వేలు అంటే కొంచెం, రెండంటే ఫరవాలేదు, మూడంటే కొండలమ్మ కోపం. కొండలమ్మ గారు ఆయన భార్య. మూడో వేలు ఒక్కసారే లేచింది.

రెండు రోజులు టీ, చుట్ట, పులుసు, పసుపు వేసిన కూర ఏదీ ముట్టుకోకూడదని చెప్పి పంపాను. మర్నాడే బందరులో వాళ్ళ చుట్టాల పెళ్ళి. ఊరందరికీ చేపలు తినిపించే మనిషి విస్తట్లో కొర్రమీను పులుసు పక్కకి నెట్టేసి, పెరుగన్నం మాత్రం తిని లేచారు. పోలరాజు దీక్ష తీసుకున్నాడని మధ్యాహ్నానికి పుకారు పుట్టింది. సాయంత్రానికి ఇద్దరు ముసలమ్మలు వచ్చి కాళ్ళకి దండం పెట్టారట. "పళ్ళ కోసమని చెబితే నమ్మలేదండి. ఆశీర్వదించి పంపేశాను," అన్నారు.

పులుసు కన్నా ఐసుతో ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఐసు పెట్టె మూత తీస్తే చాలు, చల్లగాలికి ఎడమపక్క జివ్వుమనేది. అందుకని రెండు రోజులు పెట్టెలకి కుడి చెంప చూపిస్తూ పక్కవాటుగా నడిచారు. కూలీలు ఆయన మెడ పట్టేసిందనుకుని కొబ్బరినూనె కాచి తెచ్చారు.

ఆ తర్వాత కుడిపక్క మొదలైంది. భోజనం కాగానే తొడుగు పెట్టుకుని గోడౌన్‌లో కూర్చునేవారు. ఒకరోజు లారీ డ్రైవర్ ఏసుపాదాన్ని పిలిచి, బొచ్చెల లోడు ఏలూరు తీసుకెళ్ళమన్నారు. తొడుగులోంచి వచ్చిన మాట ఏసుపాదానికి ఉయ్యూరని వినిపించింది. ఏలూరులో షావుకారు ఎదురుచూస్తూ ఉండగా, ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు లారీ నిండా చేపలు దిగాయి. చెరుకు బళ్ళతో వచ్చిన రైతులంతా తలా ఒక చేప పట్టుకుని ఇళ్ళకి వెళ్ళారు.

"నోట్లోది తీసి మాట్లాడొచ్చు కదండీ," అన్నాను.

"రెండు గంటలు అన్నారుగా. అప్పటికి గంటా నలభై నిమిషాలే అయింది," అన్నారు.

కుడిపక్క నిదానంగా తెల్లబడుతూ ఉంటే, ఆయన ఎడమపక్కకి ఇంకో పరీక్ష పెట్టారు. క్లినిక్‌లో వచ్చిన తెలుపు ఎన్నాళ్ళుంటుందో చూడాలని, టీ అంతా ఎడమ బుగ్గ నుంచే తాగడం మొదలుపెట్టారు. వేసవి వచ్చేసరికి ఎడమ ముదిరింది, కుడి మెరిసింది. కొండలమ్మ గారు స్వయంగా మా క్లినిక్‌కి వచ్చారు.

"డాక్టరుగారూ, ముప్పై ఏళ్ళు నేను మొత్తుకుంటే మానని చుట్ట మీ మాట మీద మానేశాడు. దానికి మీకు దండం. కానీ ఈ మొహం ఏంటండీ? ఈ పక్క నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నాడు, ఆ పక్క నుంచి చూస్తే మా మావగారిలా ఉన్నాడు. నేను ఎవరికని అన్నం పెట్టను?"

పక్కనే కూర్చున్న పోలరాజు గారు ఆ మాటలేవీ పట్టించుకోకుండా నోటుబుక్కు తీశారు. ఆయన ప్రశ్నలు రోజురోజుకీ వింతగా తయారవుతున్నాయి. ఇరవై రెండేళ్ళ వాళ్ళకైతే నొప్పి ఎక్కువా తక్కువా? పళ్ళకి అడ్డంగా గోధుమరంగు చారలుంటే ఏ పద్ధతి పనిచేస్తుంది? పూర్తిగా పోతాయా, కొంచెమే పోతాయా? "కొంచెమే" అంటే నంబర్లలో ఎంత? ఈయన నాకు పోటీగా వన్ టౌన్‌లో దుకాణం తెరుస్తారేమోనని ఒక దశలో నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

ఆగస్టులో ఒక ఉదయం ఒకమ్మాయి ఒంటరిగా వచ్చింది. నీలం వాయిల్ చీర, చేతిలో గొడుగు. ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"నా పేరు సత్యశ్రీ అండి. పోలరాజు గారి మేనకోడల్ని. మావయ్యకి కుడిపక్క చేసిన వైద్యం నాకు పనిచేస్తుందేమో అడుగుదామని వచ్చాను."

కుర్చీలో కూర్చుంది గానీ, చెయ్యి తియ్యలేదు. సుధామణి వైపు చూసింది, తలుపు వైపు చూసింది. నాకు అర్థమై సుధామణిని బయటికి పంపి తలుపు వేశాను. అప్పుడు చెయ్యి తీసింది. పై పళ్ళ మీద, కింద పళ్ళ మీద అడ్డంగా బూడిద, గోధుమ కలిసిన చారలు. చిన్నతనంలో, పళ్ళు ఇంకా లోపల తయారవుతుండగా వాడిన ఒక రకం జ్వరం మందు వల్ల పట్టే రంగు అది. తోమితే పోదు.

మెల్లగా తనే చెప్పింది. పన్నెండేళ్ళప్పుడు ఒక ఆస్పత్రిలో డాక్టరు తన నోరు తెరిపించి, చదువుకునే కుర్రాళ్ళందరినీ పిలిచి చూపించాడట. ఆ రోజు నుంచి ఏ ఆస్పత్రి గుమ్మమూ తొక్కలేదు. కిందటేడు బీఈడీలో చేరి, బెజవాడలోనే ఒక స్కూల్లో పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి వెళ్తే, మూడో రోజు పిల్లలు బోర్డు మీద చారల పళ్ళతో బొమ్మ వేశారు. గొంతునొప్పి అని చెప్పి మేనమామ ఇంట్లో కూర్చుండిపోయింది.

"ఇంట్లో ఎవరన్నా పళ్ళ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేదాన్నండి. మావయ్య ఒక్కసారి కూడా నా పళ్ళ గురించి అనలేదు. రోజూ అన్నం దగ్గర తన పళ్ళ సంగతే. ఇవాళ ఎడమపక్క ఇంతసేపు జివ్వుమంది, కుడిపక్క ఏమీ తెలియలేదు, చిగుళ్ళు మండలేదు, ఆ డాక్టరు అరవడు అని. ఎనిమిది నెలలు ఇదే. నిన్న నాకే విసుగొచ్చి, ఇంతకీ ఏ పక్కది నయం మావయ్యా అని అడిగాను."

"ఏమన్నారు?"

"ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, 'కుడిపక్కమ్మా, కుడిపక్క' అన్నాడు. తర్వాత పెరుగు వేసుకోవడం కూడా మరిచిపోయి లేచి వెళ్ళిపోయాడు."

నేను ఉన్నమాటే చెప్పాను. ఇలాంటి చారలకి లైటు వైద్యం ఒక్కసారితో తేలదు. తొడుగుతో ఆరేడు నెలలు ఓపిక పట్టాలి. పల్చబడతాయి, పూర్తిగా పోకపోవచ్చు.

"మావయ్య అది కూడా చెప్పాడండి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు. మూడుసార్లు చెప్పాడు," అంది.

మర్నాడు క్లినిక్ తెరవక ముందే పోలరాజు గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"నిన్న ఎవరన్నా వచ్చారా?"

"వచ్చారు."

"ఏడ్చిందా?"

"లేదు."

"ఎవర్నీ చూడ్డానికి పిలవలేదుగా?"

"సుధామణిని కూడా బయటికి పంపేశాను."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఆ మందు తెచ్చింది నేనేనండి. పిల్లకి మూడేళ్ళు. ఒళ్ళు కాలిపోతోంది. పడవలో వేసుకుని కైకలూరు తీసుకెళ్ళాను. పది రోజులు తేనెలో కలిపి నా చేత్తోనే పోశాను."

"అది పొయ్యకపోతే పిల్ల దక్కేది కాదేమో పోలరాజు గారూ."

"అది నాకు తెలుసండి. పిల్ల దక్కింది. ఇంక పళ్ళ సంగతి కూడా చూడాలి కదా."

"ముందే నాకు చెబితే, మీరు ఇన్ని బాధలు పడక్కర్లేకపోయేది."

"మీకు చెబితే నొప్పి ఉండదని మీరంటారు. డాక్టర్లందరూ అదే అంటారు, ఏమనుకోకండి. పిల్లకి నేను చెప్పాలి. నేను చెప్పాలంటే నాకు తెలిసుండాలి."

సత్యశ్రీ ఏడు నెలలు తొడుగు పెట్టుకుంది. ఒక్కరోజు మానలేదు. మధ్యలో రెండుసార్లు పళ్ళు లాగుతున్నాయంటే నాలుగు రోజులు విరామం ఇచ్చాం. చివరికి చారలు నీడల్లా మిగిలాయి, దగ్గరగా చూస్తే తప్ప తెలియవు. ఇంకొన్నాళ్ళు వాడదామా అని నేనంటే, "ఇవి చాలండి, నావే," అంది. బీఈడీ పూర్తిచేసింది. రెండేళ్ళకి కైకలూరు దగ్గర ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో చేరిన ఏడాదే వాళ్ళ స్కూల్లో పిల్లల పళ్ళు చూడ్డానికి నన్ను పిలిచింది. నేనూ సుధామణీ వెళ్ళాం. పోలరాజు గారు మాకన్నా ముందే వచ్చి, నాలుగో తరగతి పిల్లల మధ్య చిన్న బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. పక్కన ఉన్నవాడి నోట్లోకి తొంగి చూసి ఏదో నంబర్ చెబుతున్నారు.

సత్యశ్రీ బ్రష్షు పట్టుకుని ఎనభై మంది పిల్లల ముందు నిలబడింది. "ఇటు చూడండి. పైపళ్ళు పైనుంచి కిందికి, కిందపళ్ళు కిందనుంచి పైకి," అంటూ తన పళ్ళే చూపిస్తూ వరసల మధ్య తిరిగింది. వెనకాల పోలరాజు గారు కూడా నోరు బార్లా తెరిచి, చూపుడువేలుతో గాలిలో తోముతున్నారు. పిల్లలు ఒక్కొక్కరే అటు తిరగడం మొదలుపెట్టారు.

"మావయ్యా, నువ్వు నోరు మూసుకుని కూర్చో. పిల్లలందరూ నిన్నే చూస్తున్నారు," అంది.

పోలరాజు గారు వెంటనే నోరు మూసేశారు. ఆయన్ని చూసి అటూ ఇటూ ఉన్న పిల్లలు కూడా భయంగా పెదాలు బిగించారు. ఆ బిగించిన మూతుల వరస చూసేసరికి టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. బల్ల పట్టుకుని, అన్ని పళ్ళూ కనిపించేలా చాలాసేపు నవ్వింది.