ఆ డాబా మీద బూడిద లేదు

ఆరేళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేనొక మనిషిని ముంచాను. తెలిసే ముంచాను.

చిన్న కంపెనీల షేర్ల గురించి వాట్సాప్ గ్రూపులో రాస్తుంటాను. నెల్లూరులో ఆ మేరకు నాకు కాస్త పేరుంది. పెద్ద కంపెనీల గురించి టీవీలో చెప్పడానికి సూటు వేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చిన్నవాటి గడప ఎవరూ తొక్కరు. నేను బ్యాలెన్స్ షీటు చదివి ఊరుకోను, బస్సెక్కి వెళ్లి చూసి వస్తాను. అదే నా గొప్ప.

ఆ ఏడు బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగ మీద నిబంధనలు బిగించారు. పొగలో బూడిదను పట్టే గుడ్డ సంచుల ఫిల్టర్లు చేసే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. మా తీరంలోనే ఒక ప్లాంటులో వాళ్ల యంత్రాన్ని పరీక్షకు బిగించారు. అది పనిచేస్తే దేశమంతా ఆర్డర్లు. నేను ఉన్నదంతా అందులోనే పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచి ధర జారుతూనే ఉంది. అమ్ముదామంటే కొనే నాథుడు లేడు.

ప్లాంటు గేటు దగ్గరే నన్ను ఆపేశారు. అయితేనేం? గాలివాటున ఉన్న పల్లెలో డాబాల మీద చేపలు ఎండబెడతారు. బూడిద పడితే చేప నల్లబడుతుంది, కొనేవాడు ధర కోస్తాడు. కంపెనీ అబద్ధమాడొచ్చు గానీ ఎండుచేప ఆడదు కదా అనుకున్నాను. ఎంత తెలివి!

సువార్తమ్మ అనే ఆమె ఇంటి డాబా ఎక్కాను. ఎండకు పరిచిన నెత్తళ్ల చేపలు తెల్లగా మెరుస్తున్నాయి. పిట్టగోడను వేలితో తుడిచాను. ఏమీ అంటలేదు. వెంటనే ఫోటో తీశాను.

"బూడిద తగ్గిందే అక్కా?"

"నెల్నాళ్లయింది నాయనా, పడి."

"కొత్త మిషను బాగా పనిచేస్తున్నట్టుంది."

ఆమె నవ్వింది. "యాడ మిషను? రిపేరని ప్లాంటే ఆపేసినారు గదా! మా ఆయన ఆడనే పనికి పోతాడు. బిగించిన మూడోనాడే ఆ గుడ్డ సంచులన్నీ చినిగిపోయినాయంట. మళ్లీ పొగ లేస్తే చూడు నా చేపల గతి."

తిరుగు బస్సులో మథనపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది. పడలేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫోటో పెట్టి, "డాబాల మీద బూడిద పడటం ఆగింది, కళ్లారా చూశాను" అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. సువార్తమ్మ మాట మాత్రం రాయలేదు. ఆ ఫోటో ఎన్ని గ్రూపులు తిరిగిందో! రోజూ కాసిని మాత్రమే చేతులు మారే షేరు కదా, కొద్దిమంది ఎగబడేసరికి వారంలో ధర లేచింది. నావన్నీ అమ్మేశాను.

కొన్నవాళ్లలో మా గ్రూపులోని ఖాదర్ అన్న ఉన్నాడు. మైపాడులో వలలు, తాళ్లు అమ్మేవాడు. అద్దెకున్న అంగడిని సొంతం చేసుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టింది తెచ్చి అందులో పోశాడు. యంత్రం సంగతి బయటపడ్డాక షేరు కుప్పకూలింది. అంగడి వేరేవాళ్లు కొన్నారు. ఇప్పుడు దాని ముందే కూర్చుని కూలికి వలలు బాగుచేస్తున్నాడు.

పరామర్శకు వెళ్లాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాను? తప్పు ఒప్పుకుందామనా, అతనికి అనుమానం వచ్చిందేమో చూద్దామనా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా రెండోదే నిజమనిపిస్తుంది. కంపెనీవాళ్లు నిన్ను గూడా మోసం చేసినారు గదబ్బా అని అతనే నన్ను ఓదార్చాడు. టీ తెప్పించాడు. ఔనన్నా అన్నాను. టీ తాగాను.

పోయిన వారం ఖాదర్ అన్న అల్లుడు వచ్చాడు. దాచుకున్నది ఎందులో పెట్టాలో నన్నే అడగమని మామ పంపాడట. ఇప్పుడు మార్కెట్టు బాగాలేదని ఏదో చెప్పి పంపేశాను. మళ్లీ వస్తానన్న రోజు ఎల్లుండే. అందుకే ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను.

ఖాదర్ అన్నకు చెబుతానని మీకు మాటివ్వలేను. అంత ధైర్యం ఉంటే ఆ టీ తాగేవాణ్ణి కాదు. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అతనికి దక్కాల్సిన నిజం మీకు చెప్పి నేను తేలికపడ్డాను. దానికీ సిగ్గుగానే ఉంది.