చివరి బెంచీలో లెక్చరరు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా బి.ఏ. క్లాసుకు ఎకనామిక్స్ చెప్పిన లెక్చరరు వారానికోసారి సుద్దముక్క మాలో ఒకరి చేతికిచ్చి, నోటుబుక్కుతో చివరి బెంచీలో కూర్చునేవారు. పని తప్పించుకుంటున్నారని నవ్వుకునేవాళ్లం.

నా వంతుకు శ్రమ విభజన పాఠం వచ్చింది. ఇంగ్లీషు పెగలక చెమటలు పట్టాయి.

"ఇంగ్లీషు ఇడ్సిపెట్టప్పా. మీ ఇంట్లో చీర ఎట్ల తయారైతాదో చెప్పు," అన్నారు.

అవ్వ నూలు తోడితే అమ్మ కండెలు చుడుతుందనీ, నాయన మగ్గం నేస్తాడనీ చెప్పాను. ఆయన తలవంచుకుని రాసుకున్నారు.

మరుసటి వారం జూనియర్ల క్లాసు పక్కగా పోతుంటే, ఆయన గొంతులో మా అవ్వ, మా కండెలు వినపడ్డాయి.

"ఇది ఏ పుస్తకంలో ఉండాది సార్?" అని ఎవరో అడిగారు.

"పుస్తకంలో లేదప్పా. మా అయ్యవారు చెప్పినాడు," అంటూ ఆయన సుద్దముక్కతో కిటికీ బయటికి చూపించారు. "అదో, పోతాండాడు."