ఎనభై ఏడు వచ్చినందుకు పూతరేకులు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతివాడికీ ఒక నమ్మకం ఉంటుంది, తాను లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని. చాలామంది విషయంలో అది అబద్ధం కాబట్టి వాళ్ళు సుఖంగా ఉంటారు. నా ఖర్మకొద్దీ నా విషయంలో నిజమైంది. ఆ రోజుల్లో నేను కాకినాడలో, ఒక టిఫిన్ హోటలు మేడమీద ఆరుగురం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉండేవాణ్ణి (సాంబారు వాసనను బట్టి టైము చెప్పగలిగేవాళ్ళం). రొయ్యల చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోనుకి మెసేజ్ పంపే ప్రోగ్రాము మాది. అది చూసి రైతు ఏరియేటర్లు, అంటే నీళ్ళను చిలికి గాలి పట్టించే చక్రాలు, వేయించుకోవాలి. ఆలస్యమైతే రొయ్యలు చచ్చి తేలతాయి, పంట పోతుంది. ఎప్పుడు మెసేజ్ పంపాలో తేల్చే అసలు ముక్క, మా భాషలో ఫంక్షన్, నేను రాసిందే. భీమవరం దగ్గర మా మావయ్య, అల్లుడు రాశాడని చెప్పుకుని, తన చెరువులకే కాక చుట్టుపక్కల రైతులందరిచేతా దాన్ని పెట్టించాడు.

మొదట అది పది వరుసలే. ఒక రైతు వాన రోజుల్లో వేరేలా కావాలన్నాడు, ఒక ఇఫ్, అంటే ఇలాగైతే ఇలా చెయ్యమనే షరతు, పెట్టాను. ఇంకో ఆయన చెరువు లోతు ఎక్కువన్నాడు, దాని కడుపులో ఇంకో ఇఫ్ పెట్టాను. కాదనడం మన జిల్లాల్లో మర్యాద కాదు కదా. అలా ఒకదానిలో ఒకటి దూరుతూ పోయి, చివరికి చదవాలంటే తెరను కుడివైపుకి జరుపుకుంటూ పోవాల్సి వచ్చేది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది ప్రతిభే అనుకున్నాను.

ఒకరోజు మా సారు కొత్త టూలు ఒకటి తెచ్చి మా కోడు మీద నడిపించారు. ఏ ఫంక్షన్‌లో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెట్టి, దానికో అంకె వేసి, రాసినవాళ్ళ పేర్లతో పెద్దదాన్నుంచి వరసగా చూపించేది అది. నా పేరు అన్నిటికంటే పైన ఉంది, ఎనభై ఏడు. వారం వారం మార్కులు గోడకి అంటించే కాలేజీలో చదివినవాణ్ణి, పైన ఉన్న పేరు ఫస్టనే తప్ప ఇంకోలా ఆలోచించడం నాకు రాదు. పక్క సీటు ఉప్పాడ అమ్మాయికి నాలుగే వచ్చింది. జాలిపడి, కంగారుపడొద్దని, నేను నేర్పుతానని ధైర్యం చెప్పాను. ఆమె "సరేనండి" అని తల దించుకుంది (నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది). ఆత్రేయపురం నుంచి రెండు డబ్బాల పూతరేకులు తెప్పించి అందరికీ పంచాను. మా సారు వీధికుక్కని కూడా "వెళ్ళండి" అనే మనిషి. ఒకటి తిని, వేళ్ళకంటిన నెయ్యి తుడుచుకుని నా దగ్గరికొచ్చారు.

"చాలా బాగున్నాయండి. కానీ అవి మార్కులు కాదండి, జ్వరం. పది దాటితే కాస్త చూసుకోవాలండి."

నా ముఖం ఎలా మాడిందో చెప్పలేను. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టమన్నారు. సరేనన్నాను గానీ, నడుస్తున్న బండిని ఆపి విప్పడం ఎందుకులే అనుకున్నాను. విడగొట్టకపోగా ఆ శుక్రవారం ఇంకో ఇఫ్ దూర్చాను. ఒక పెద్దాయన, ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన మధ్య ఫోను మోగి పరువు పోతోందని, ఆ పూట తమ్ముడు చూసుకుంటాడని, తనకు మాత్రం మెసేజ్ వద్దని అడిగాడు. రాసేసి, హాయిగా స్నేహితులతో పాపికొండలకి లాంచీ ఎక్కాను.

లాంచీ కొండల్లోకి వెళ్ళాక ఫోనుకి సిగ్నలు ఉండదు. ఆ ఆదివారమే అక్కడ భీమవరంలో మబ్బు కమ్మింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ తేరుకోదు. నేను లాంచీ మీద డాన్సు చేస్తున్నాను. సాయంత్రం రేవు చేరేసరికి ఫోన్లో ముప్పై ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఎవరో పోయారనుకుని ఆఫీసుకి ఫోను చేశాను. ఉప్పాడ అమ్మాయి ఎత్తి చెప్పింది: పొద్దున ఒక్క రైతుకీ మెసేజ్ వెళ్ళలేదు. నేను ఆ ఇఫ్‌ని ఉండాల్సినచోట కాక ఒక మెట్టు పైన పెట్టాను, దాంతో పెద్దాయన ఒక్కడికి ఆగాల్సింది ఊళ్ళన్నిటికీ ఆగింది. గట్టుమీద ఆక్సిజన్ మీటరులో అంకె పడిపోతున్నా తన ఫోనుకి మెసేజ్ రావట్లేదని మావయ్య సారుకి చేస్తే, సారూ ఆ అమ్మాయీ ఆఫీసుకి పరుగెత్తుకొచ్చి నా కోడు తెరిచారు. ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ విరుగుతుందోనని భయపడి, మూసేసి, పేర్ల చిట్టా ముందేసుకుని రైతులందరికీ ఒక్కొక్కరికే ఫోన్లు చేశారు. పంటలు నిలబడ్డాయి. మావయ్య చెరువులో మాత్రం ఒక మూల కొన్ని రొయ్యలు పోయాయి.

"ఒరేయ్ అల్లుడూ, నువ్వు పడవెక్కితే ఇక్కడ మా రొయ్యలు తేలాలేంట్రా?" అన్నాడు మావయ్య. తిట్టినా బాగుండేది. ఊరందరి దగ్గరా నా పేరు చెప్పుకున్న మనిషి ఆయన.

మర్నాడు ఉప్పాడ అమ్మాయి కుర్చీ నా పక్కకి లాక్కుంది. "మా అమ్మా నాన్నా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారండి. తనొక్కడికే తెలిసిన పువ్వు మా నాన్న ఎప్పుడూ మొదలెట్టడు. ఆయనకి జ్వరమొస్తే చీర ఆగిపోతుంది కదండీ." తెర చూపించి మొదటి ఇఫ్ చదవమంది. పది రోజులు పట్టింది. వానకో ముక్క, లోతుకో ముక్క, పెద్దాయన ప్రార్థనకో ముక్క, దేనికి దాని పేరు పెట్టి విడదీశాం. ఎక్కువలో ఎక్కువ ఆరు వచ్చింది. నా పేరు చిట్టాలో కిందికి జారుతుంటే పరీక్ష తప్పినంత బాధపడ్డాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఈమధ్య పనిమీద కాకినాడ వెళ్ళి, సారుకని ఒక డబ్బా పూతరేకులు పట్టుకుని ఆ మేడ ఎక్కాను. నా కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆ ఫంక్షన్ రాసింది ఈయనేనని సారు నన్ను చూపించారు.

"అవునాండి? నిన్ననే మార్చానండి. గంటలో అయిపోయింది. ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు."

నా పేరేమిటో కూడా ఆమె అడగలేదు. ఒక్క క్షణం ఎక్కడో చురుక్కుమంది, ఆ వెంటనే చాలా సంతోషమేసింది. డబ్బా అక్కడే విప్పి మొదటి పూతరేకు ఆమెకిచ్చాను. రెండోది సారుకి. మూడోది, నేను లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని నమ్మిన ఆ ఎనభై ఏడు మార్కుల కుర్రాడి వాటా కింద నేనే తిన్నాను.