అదురు ఆగిన క్షణం

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు చెరుకు గానుగ పక్కన, అదిరే గచ్చు మీద నిలబడి పనిచేశాను. అదురు ఆగిందంటే చెరుకు ఇరుక్కున్నట్టే. దాన్ని లాగడానికి ఎవరూ చెయ్యి పెట్టకముందే కరెంటు తీయమని కేకెయ్యడం నా పని. ఒక్కసారి ఆలస్యం చేశాను. నాతో పనిచేసే సత్తార్ అన్న చెయ్యి పోయింది.

ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. మోకాళ్లు అరిగి నడవలేకపోతుంటే, పోయిన నెల కోడలు నన్ను నిజామాబాద్‌లో అదిరే పలక మీద వ్యాయామం చేయించే చోటికి తీసుకుపోయింది.

"రోజూ పది నిమిషాలు నిలబడితే కండలు గట్టిపడ్తయి తాతా" అంది అక్కడి అమ్మాయి.

"అదిరీ అదిరే అరిగినయి బిడ్డా ఇవి. మళ్ల అదురే మందా?" అన్నాను కోపంగా. అయినా కోడలి మాట కాదనలేక ఎక్కాను.

పాదాలకు పాత గచ్చే తగిలింది. కళ్లు మూసుకున్నాను. పది నిమిషాలు కాగానే పలక ఠక్కున ఆగింది.

"కరెంటు తియ్యుండ్రి! సత్తారన్నా, చెయ్యి పెట్టకు!"

నా కేకకు అందరూ ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. కోడలు నవ్వలేదు. తిరుగు బస్సులో మెల్లగా అడిగింది:

"సత్తారన్న ఎవరు మామా?"

ఇంట్లో ఎవరికీ చెప్పుకోని ఆ మాట బోధన్ చేరేలోపు చెప్పేశాను. ఆ పలకతో కాళ్లకు బలమొస్తుందేమో, నాకు తెలియదు. అవసరమైన రోజున రాని కేక, ఇన్నేళ్లకు ఎవరికీ అక్కరలేని చోట వచ్చింది.